మూడు తమ్మపడిగలు, ఒక చింతపిక్క

రాజుగారు తమ్మపడిగ అయిపోయిన పదకొండో రోజు పొద్దున, అడపం తిప్పన గూబలకొండ కోట గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు.

తమ్మపడిగ అంటే తాంబూలం నమిలి ఉమ్మే ఇత్తడి పాత్ర. పైన మూతి వెడల్పు, నడుము సన్నం, కింద పొట్ట. కుంకుమగిరి రాజు పెదమల్లదేవుడు మనిషిగా ఉన్నప్పుడు కూడా ఇంచుమించు అలాగే ఉండేవాడని కొందరంటారు గానీ, అది గిట్టనివాళ్ళ మాట. రాజుగారికి నడుము లేదు.

జరిగింది ఇది. తిప్పన పని రాజుగారి వెనక అడపం పట్టుకుని నడవడం. అడపంలో తమలపాకులు, వక్కలు, కాచు, సున్నపుకాయ ఉంటాయి. కుంకుమగిరి ఆస్థానంలో ఒక మర్యాద ఉంది. అతిథికి ఆకు మీద సున్నం రాస్తున్నప్పుడు, చాలు అని అతిథి నోటితో అనకూడదు. కుడిచేతి చూపుడువేలు ఎత్తాలి. ఆ వేలు లేచేదాకా అడపంవాడు రాస్తూనే ఉండాలి. మహామాంత్రికుడు కాలకంబళుడు సభకు వచ్చిన రోజు తిప్పన ఆ మర్యాద ప్రకారమే రాయడం మొదలుపెట్టాడు. మాంత్రికుడి రెండు చేతులూ నల్లకంబళి లోపల ఉన్నాయి. ఆయన ఏడో ఏట నుంచి చేతులతో ఏ పనీ చేయలేదు. అన్నం భూతాలు కలిపి పెడతాయి. తలుపు మంత్రంతో తెరుచుకుంటుంది. వీపు గోకడానికి విడిగా ఒక పిశాచం ఉంది. కాబట్టి వేలు లేవలేదు. తిప్పన రాస్తూ పోయాడు. ఆకుకు ఆవగింజంత సున్నం సరిపోతుంది. ఆ రోజు ఉసిరికాయంత పడింది.

కాలకంబళుడు ఆకు నమిలాడు. నాలుక పొక్కింది. ఆ నాలుకతోనే లేచి రాజును దీవించాడు. ఆయన అనదలచుకున్నది, "ధర్మపదవి నీదగుగాక." సభలో మూడువందల మందికి వినిపించింది, "తమ్మపడిగ నీవగుగాక."

సింహాసనం మీద ఇత్తడి మోగింది. పాత్ర మెట్ల మీదుగా దొర్లి, మూతి దగ్గర సొట్ట పడి, తిప్పన కాళ్ళ దగ్గర ఆగింది.

నోరు జారిందని ఒప్పుకుంటే మాంత్రికుడి పరువు పోతుంది. అందుకని కాలకంబళుడు తాను కావాలనే అలా అన్నానని, రాజుకు గర్వం పెరిగిందని ప్రకటించి, పాత్రను ఒక భూతం చేత ఎత్తించుకుని గూబలకొండ మీది తన కోటకు వెళ్ళిపోయాడు. రాణి మాచలదేవి ఏడవలేదు. ఇరవయ్యో రోజు సూర్యోదయానికి రాజు సింహాసనం మీద లేకపోతే, తిప్పన తల మొండెం మీద ఉండదని చెప్పింది. ఆ మాట చెప్పాక దారికి అటుకులు మూట కట్టించి ఇచ్చింది.

మంత్రగాణ్ణి మంత్రంతో గెలవాలంటే ముందు మంత్రం రావాలి. తిప్పనకు వచ్చింది ఆకు చిలకలు చుట్టడం. అతను నేరుగా సంతవీధికి వెళ్ళి చేటల పోలమ్మను పట్టుకున్నాడు. ఆమె గారడీ ఆడుతుంది. వయసు డెబ్భైరెండు, పళ్ళు ఆరు. ఆమె సామానంతా ఒక చేట, ఒక గోతం, మూడు గ్లాసులు, ఒక నిమ్మకాయ, మూరెడు దారం, తొమ్మిది చింతపిక్కలు. సంగతంతా విని, చేతులు చూపించమంది. తిప్పన ఆమె మూడు అంకెలు లెక్కపెట్టేలోగా ఒక చిలక చుట్టి అందించాడు.

పోలమ్మ దాన్ని బుగ్గన పెట్టుకుని, "ఈ వేళ్ళతో ఇన్నాళ్ళూ రాజుకి ఆకులు చుట్టావా? కంచుగంట తెచ్చి మేక మెడలో కట్టినట్టుందిరా తిప్పా," అంది.

ఎనిమిది రోజులు నేర్పింది. మొదటి నాలుగు రోజులు చేతులు రెండూ గోతంలో పెట్టించి, మూతి బిగించి కట్టి, లోపల చింతపిక్కను ఒక వేలి సందు నుంచి ఇంకో వేలి సందుకు నడిపించమంది. చూసుకుంటూ చేసేవాడు చూసేవాళ్ళకు దొరుకుతాడని ఆమె సూత్రం. మొదటి రోజు పిక్క నూట పదహారుసార్లు కింద పడింది. ఎనిమిదో రోజు ఒక్కసారి పడింది. అదీ పోలమ్మ తుమ్మడం వల్ల. ఈలోగా తిప్పన కాలిన దారాన్ని అతికించడం, నిమ్మకాయను మోచేతిలోంచి తీయడం, గ్లాసు కింద పెట్టిన పిక్కను పక్క గ్లాసు కిందికి పంపడం నేర్చుకున్నాడు. గ్లాసులు మూడూ ఒకే తీరున ఉండాలి. ఒక్కదానికి సొట్ట ఉన్నా ఆట చెడుతుంది. ఇదీ పోలమ్మ చెప్పిందే. తరవాత ఈ మాట ఎంత పని చేస్తుందో అప్పుడు ఇద్దరికీ తెలియదు.

బయల్దేరే ముందు ఆమె రెండు మాటలు చెప్పింది.

"జనం నీ చేతిని చూడరు, నీ కంటిని చూస్తారు. నీ కన్ను ఎటు పోతే వాళ్ళ కళ్ళు అటు. అందుకే కనికట్టన్నారు. కట్టు వాళ్ళ కళ్ళకి, తాడు నీ దగ్గర. రెండోది, ఎంత బతిమాలినా ఒక ఆట ఒకేచోట రెండోసారి ఆడకు. మొదటిసారి నిన్ను చూస్తారు. రెండోసారి నీ చేతిని చూస్తారు."

ఆమె పాత బొంతను అంగీగా కుట్టి తొడిగింది. మేక వెంట్రుకలతో గడ్డం అతికించింది. అలా అడపం తిప్పన పశ్చిమద్వీపపు మహామాయావి అయ్యాడు. అడపాన్ని మాత్రం వదల్లేదు. బొంత కింద దాచుకున్నాడు.

దారి రెండు రోజులు. అడవిలో పులి ఎదురైంది. తిప్పన దాని ముందు నిమ్మకాయను మాయం చేశాడు. పులికి నిమ్మకాయ ఉన్నప్పుడూ లేనప్పుడూ ఒకటే. తిప్పన చెట్టెక్కాడు. పులి వెళ్ళాక దిగి పరుగెత్తి ఏటి ఒడ్డుకు చేరితే, అక్కడ పడవ నడిపేది ఒక మొసలి. తాను చూడనిది ఒకటి చూపిస్తేనే దాటిస్తానంది. తిప్పన దారం తగలబెట్టి, బూడిద నలిపి, మూరెడు దారం తీసి చూపించాడు. మొసలి ఏటి మధ్యలో పడవ ఆపి, ఎలా చేశావో చెప్పమంది, లేకపోతే ముంచుతానంది. అప్పటికి తిప్పన దారాన్ని తెడ్డుకు కట్టేసి ఉంచాడు. తెడ్డు లాక్కుని తోసుకుంటూ గట్టెక్కాడు.

అతని వెనకే ఒక కోసు దూరంలో దళవాయి సంగమరాజు నలభై మంది భటులతో, ఒక పల్లకీతో వస్తున్నాడు. రాణి పంపింది. పల్లకీ ఎవరికని తిప్పన అడిగితే దళవాయి ఆకాశం వైపు చూశాడు. తిరుగు ప్రయాణంలో అందులో రాజుగారు ఎక్కుతారు. లేదా తిప్పన తల ఒక్కటే ఎక్కుతుంది. దళవాయి కొండ కింద డేరా వేసుకుని, పదిహేడో రోజుదాకా ఆగుతానని చెప్పాడు.

ఆస్థాన కవులు గూబలకొండ కోట గురించి రాసింది ఇలా ఉంటుంది: సప్తప్రాకార పరివృతమై, నవరత్నఖచిత శిఖర సహస్ర భాసురమై, గగనచుంబి గోపురాల నీడన సూర్యుడు సైతం దారి తప్పే దివ్యదుర్గం. తిప్పన లెక్కపెట్టాడు. ప్రాకారాలు నాలుగు, అందులో ఒకటి కూలింది. శిఖరాలు పదకొండు. వాటి మీద ఉన్నవి గూబలు. సూర్యుడి సంగతి అతనికి తెలియదు.

గుమ్మం దగ్గర తొమ్మిది తలల భూతం కావలి ఉంది. లోపలికి వెళ్ళేది మంత్రగాడైతేనే వదులుతుంది, కాకపోతే తింటుంది. విద్య చూపించమంది. తిప్పన చింతపిక్కను అరచేతిలో పెట్టి చూపించి, రెండు పిడికిళ్ళూ మూసి, ఏ చేతిలో ఉందో చెప్పమన్నాడు. అయిదు తలలు కుడిచెయ్యన్నాయి. నాలుగు తలలు ఎడమచెయ్యన్నాయి. తిప్పన రెండు పిడికిళ్ళూ తెరిచాడు. రెంటిలోనూ లేదు. తరవాత మూడో తల ఆరో తలతో, తనకు ముందే అనుమానం వచ్చిందంది. వచ్చి ఉంటే ముందే ఎందుకు చెప్పలేదని ఆరోది అడిగింది. తల్లి చనిపోయినప్పటి మాటలు బయటికొచ్చాయి. తిప్పన వాటి పక్కనుంచి లోపలికి నడిచాడు.

సభామండపంలో కాలకంబళుడు కంబళి కప్పుకుని ఎత్తుపీట మీద కూర్చుని ఉన్నాడు. పీట పక్కన గూట్లో మూడు తమ్మపడిగలు ఉన్నాయి. రాజుగారు నడిమి పాత్ర. మూతి దగ్గర సొట్ట చూసి తిప్పన పోల్చుకున్నాడు. చూపు అక్కడ నిలపకుండా తిప్పేసుకున్నాడు.

మాంత్రికుడు వచ్చిన పని అడిగాడు. సాటి విద్వాంసుణ్ణి చూసి పోదామని వచ్చానని తిప్పన చెప్పి, చింతపిక్కను మాయం చేశాడు.

కాలకంబళుడు నవ్వాడు. ఏ మంత్రమో పట్టుకుందామని కళ్ళు మూసుకున్నాడు. గాలిలో మంత్రం లేదు. నేల వాసన చూశాడు. అక్కడా లేదు. మూడు పిశాచాలను పిలిచి మండపమంతా వెతికించాడు. వాటికి చచ్చిన బల్లి ఒకటి దొరికింది గానీ మంత్రం దొరకలేదు. మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది. ఆయన కొండల్ని ఎగరేశాడు, ఏటిని వెనక్కి నడిపాడు. ఏ పనైనా మంత్రంతో జరుగుతుందని తెలుసు. మంత్రం లేకుండా జరిగిన పనిని అరవై ఏళ్ళలో చూడలేదు. మళ్ళీ చూపించమన్నాడు. తిప్పన చూపించనన్నాడు. మాంత్రికుడు ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పొద్దున తానే తిప్పన బసకు వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, ఆ విద్య నేర్పమని అడిగాడు.

తిప్పన ఎదురుచూసింది ఈ మాటకే. మంత్రశాస్త్రంలో రెండు నియమాలున్నాయి. గురువుకు శిష్యుడు హాని చేస్తే శిష్యుడి తల వేయి చెక్కలవుతుంది. విద్య పట్టుబడిన రోజు గురువు ఏ దక్షిణ అడిగితే అది ఇవ్వాలి. తిప్పన ఆ రెండూ గుర్తు చేశాడు. కాలకంబళుడు ఒప్పుకుని, మూడోది తాను గుర్తు చేశాడు. విద్య పట్టుబడకపోతే దక్షిణ లేదు. నేర్పలేనివాడు గురువే కాడు కాబట్టి, అతన్ని ఏం చేసినా తలకు ఏమీ కాదు.

దాంతో తిప్పన ప్రాణం మాంత్రికుడి పదివేళ్ళ మీదికి వచ్చింది. ఆ వేళ్ళు అప్పుడే మొదటిసారి కంబళి బయటికి వచ్చాయి. అరవై ఏళ్ళుగా ఎండ తగలక ముల్లంగి దుంపల్లా ఉన్నాయి. తిప్పన చూపుడువేలు ఎత్తమన్నాడు. మాంత్రికుడు దాని వైపు చూశాడు. వేలు లేవలేదు. మంత్రం జపించబోతే తిప్పన వద్దన్నాడు. మధ్యాహ్నానికి వేలు లేచింది. గురువు, శిష్యుడు ఇద్దరూ దాన్ని కాసేపు చూశారు. సభలో ఈ వేలు ఆ రోజు లేచి ఉంటే ఇంత జరిగేది కాదని తిప్పన అనుకున్నాడు.

వేళ్ళు కదలడం వచ్చాక అసలు చిక్కు మొదలైంది. పిక్కను వేలి సందులో దాచమంటే, అది జారుతున్నదనుకోగానే మాంత్రికుడి పెదవులు వాటంతటవే కదిలేవి. పిక్క నిజంగా మాయమయ్యేది. పోలమ్మ ఇచ్చిన తొమ్మిదిలో ఎనిమిది అలా పోయాయి.

"మాయం చేయకూడదు స్వామీ, దాచాలి," అన్నాడు తిప్పన.

"మాయం చేయగలిగినవాణ్ణి, దాచడం దేనికి గురువుగారూ?"

"దాచింది మళ్ళీ తీయొచ్చు. మీరు మాయం చేసింది ఎక్కడికి పోతోంది?"

కాలకంబళుడు ఆలోచించాడు. ఆ ప్రశ్న తనను ఎవరూ అడగలేదన్నాడు.

పద్నాలుగో రోజు పీట పోయింది. పదిహేనో రోజు ఒక నెమలి, రెండు స్తంభాలు పోయాయి. ఆ సాయంత్రానికి కోటకు పడమటి గోడ లేదు. కింద డేరాలోంచి దళవాయి అది చూసి, తిప్పన పని జోరుగా సాగుతున్నదని రాణికి కబురు పంపాడు.

పదహారో రోజు గ్లాసుల ఆటకు వచ్చారు. కోటలో గ్లాసులు లేవు. భూతాలు నీళ్ళు నేరుగా నోట్లో పోస్తాయి. కాలకంబళుడు గూట్లోంచి మూడు తమ్మపడిగలు తెప్పించి బోర్లించాడు. ఈ చేతుల్లో పీట పోయింది, గోడ పోయింది. పిక్క జారి, పెదవి కదిలితే ఈసారి పోయేది రాజుగారు. వేరే పాత్రలు తెప్పించమన్నాడు. లేవన్నాడు శిష్యుడు. కొబ్బరిచిప్పలు చాలన్నాడు. ఇత్తడే బాగుందన్నాడు శిష్యుడు.

పెదవి కదలకూడదు. చేతులు కట్టేయొచ్చు గానీ మాంత్రికుడి నోరు కట్టేదెలా అని తిప్పన తల పట్టుకున్నాడు. మోచేతికి బొంత కింద అడపం తగిలింది. ఇరవై ఏళ్ళుగా తాను చేస్తున్న పనే మనుషుల నోళ్ళు నింపడమని అప్పుడు గుర్తొచ్చింది.

అడపం బయటికి తీశాడు. అయిదాకుల చిలక చుట్టి, వక్క దండిగా వేసి, కాలకంబళుడి చేత నమలడం మొదలుపెట్టించాడు. బుగ్గలు రెండూ నిండాయి. మంత్రానికి నాలుక తిరగాలి. నాలుకకు చోటు లేదు. పిక్క జారినప్పుడు పెదవులు కదిలాయి గానీ, ఎర్రటి చుక్క ఒకటి గడ్డం మీదికి రావడం తప్ప ఏమీ జరగలేదు. పిక్క నేల మీద పడి అక్కడే ఉంది. మాంత్రికుడు వంగి దాన్ని తన వేళ్ళతో తీసుకున్నాడు. ఆ తరవాత పడినప్పుడల్లా తీసుకున్నాడు. తిప్పన చిలక అయిపోకముందే ఇంకోటి అందిస్తూ పోయాడు.

ఏడో చిలక మింగాక కాలకంబళుడు నమలడం ఆపాడు. నాలుకతో పళ్ళు తడుముకున్నాడు.

"ఈ సున్నం నేనెరుగుదును," అన్నాడు. "నువ్వు ఆ సున్నంవాడివి."

తిప్పన గడ్డం ఒకవైపు ఊడి వేలాడుతున్నది. అబద్ధం చెప్పి లాభం లేదు.

"అవును స్వామీ. ఆ రోజు మీరు వేలు ఎత్తలేదు."

"ఎత్తాలని నాకెవరూ చెప్పలేదు." మాంత్రికుడు బోర్లించిన పాత్రల వైపు చూశాడు. గొంతు తగ్గించి, "నేను ధర్మపదవి అనే అన్నాను," అన్నాడు.

"అందరూ అదే విన్నారు స్వామీ. రాజుగారొక్కరే పొరబడ్డారు."

కాలకంబళుడికి ఆ మాట నచ్చింది. పైగా గురువును చంపితే తల పగులుతుంది, గురువు కాకుండా చేయాలంటే తాను ఓడిపోవాలి. ఓడిపోవడం ఆయనకు ఇష్టం లేదు. ఎనిమిదో చిలక అడిగాడు.

పదిహేడో రోజు మిట్టమధ్యాహ్నం కాలకంబళుడు బుగ్గల నిండా తాంబూలంతో మూడు తమ్మపడిగలనూ బోర్లించి, మిగిలిన ఒక్క చింతపిక్కనూ నడిమి దాని కింద పెట్టాడు. పాత్రలు తిరగడం మొదలైంది. కుడిది ఎడమకు, ఎడమది నడిమికి, నడిమిది చుట్టూ తిరిగి మళ్ళీ కుడికి. ఆయన కళ్ళు ఒకసారి కప్పు మీది బల్లి వైపు వెళ్ళాయి. తిప్పన కళ్ళూ వెళ్ళాయి. తిరిగి చూసేసరికి పాత్రలు ఆగి ఉన్నాయి. తిప్పన ఎడమది ఎత్తాడు. లేదు. నడిమిది, కుడిది ఎత్తాడు. లేదు. కాలకంబళుడు తిప్పన చెవి వెనక చెయ్యి పెట్టి పిక్కను తీశాడు. అది తిప్పన నేర్పలేదు.

అరవై ఏడేళ్ళ మాంత్రికుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉన్న తాంబూలం మింగేసి, దక్షిణ అడగమన్నాడు. రాజుగారిని తిరిగి రాజును చేయమన్నాడు తిప్పన. తప్పకుండా అన్నాడు కాలకంబళుడు. ఏది రాజుగారో చూపించమన్నాడు.

తిప్పన సొట్ట కోసం చూశాడు. మూడింటికీ సొట్ట ఉంది.

"మూడూ ఒకే తీరున ఉండాలని మీరే అన్నారు గదా," అన్నాడు శిష్యుడు. "పొద్దున నేనే కొట్టాను. చేత్తోనే."

బరువు చూశారు. వేలితో కొట్టి చూశారు. చప్పుడు మూడింటిదీ ఒకటే. కొండ కింద దళవాయి బూర ఊదించాడు. గడువు అయిపోయింది. దాంట్లో ఏముంది, మూడింటికీ కలిపి మంత్రం వేస్తానన్నాడు కాలకంబళుడు. రాజు కానివి పాత్రలుగానే ఉండిపోతాయన్నాడు. చెయ్యెత్తి, ఒక్కో అక్షరం విడదీసి, "తమ్మపడిగ రాజగుగాక," అన్నాడు.

ఈసారి నోరు జారలేదు. అదే తప్పయింది. పూర్వరూపం రావాలని ఆయన అనలేదు. తమ్మపడిగ రాజు కావాలన్నాడు. ముగ్గురు రాజులు లేచి నిలబడ్డారు.

ముగ్గురికీ అవే మీసాలు, అదే పొట్ట, నుదుటి ఎడమవైపు అదే సొట్ట. ముగ్గురూ కంఠం సవరించుకుని, "ఏరా తిప్పా, ఆకేదిరా," అంటూ ఒకేసారి చెయ్యి చాపారు. కాలకంబళుడు తాను కావాలనే అలా చేశానన్నాడు.

తిప్పన వాదించలేదు. అడపం విప్పి మూడు చిలకలు చుట్టాడు. ఆవగింజంత సున్నం, రెండు పలుకుల వక్క, ఒక లవంగం. ముగ్గురికీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ముగ్గురూ నమిలారు. ముగ్గురి బుగ్గలూ నిండాయి. ఒకరి చూపు కిందికి వెళ్ళి ఎడమవైపు నేల మీద వెతికింది. ఇరవై ఏళ్ళుగా తిప్పన తమ్మపడిగ పెడుతున్నది అక్కడే. ఇప్పుడు అక్కడేమీ లేదు. ఆయన బుగ్గలు అలాగే పట్టుకుని అటూ ఇటూ చూశాడు. అది చూసి, మిగతా ఇద్దరు రాజులూ వినయంగా ముందుకు వంగి నోళ్ళు తెరిచారు.

తిప్పన వెళ్ళి రాజుగారి కాళ్ళ మీద పడ్డాడు. పెదమల్లదేవుడు చేసేది లేక జన్మలో మొదటిసారి తాంబూలం మింగాడు.

తిప్పన లేచేసరికి మండపంలో ఇద్దరు రాజులే ఉన్నారు. కింద భేరీ మోగింది. పడమటి గోడ లేదు కాబట్టి అక్కణ్ణుంచి అంతా కనిపించింది. దళవాయి సంగమరాజు సాగిలపడి లేచాడు. మూడో రాజు పల్లకీ ఎక్కాడు. నలభై మంది జేజేలు కొడుతూ కుంకుమగిరి దారి పట్టారు. తిప్పన అరిచాడు. భేరీ చప్పుడులో ఎవరికీ వినిపించలేదు.

ఒక విధంగా చూస్తే తిప్పన తల దక్కినట్టే. ఇరవయ్యో రోజు సూర్యోదయానికి సింహాసనం మీద రాజు ఉంటాడు. రాణి అడిగింది అంతే. అసలు రాజుగారు అతని భుజం పక్కన నిలబడి, దుమ్ము రేగుతున్న దారిని చూస్తున్నాడు.

"రాణిగారు పోల్చుకుంటారు ప్రభూ," అన్నాడు తిప్పన.

రాజుగారు చాలాసేపు ఆలోచించాడు. "పోల్చుకోదురా. సభలో ఎవరేం చెప్పినా నేనూ నోరు తెరుచుకునే కూర్చునేవాణ్ణి."

తిప్పన గడ్డం పీకి పారేశాడు. అడపం భుజాన వేసుకుని, ప్రభువుల పాదాలు ఎంత వేగంగా నడవగలవని అడిగాడు. వాటిని వాడి చాలా కాలమైందన్నాడు రాజు. కాలకంబళుడు ఇంకో ఆట నేర్పి వెళ్ళమని బతిమాలేవాడే గానీ, ఈలోగా ఆయన మిగిలిపోయిన రెండో రాజును ఎదురుగా కూర్చోబెట్టుకుని చింతపిక్క ఆట మొదలుపెట్టాడు. ఆ రాజు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అలాంటి ప్రేక్షకుడు దొరికాక గురువుతో పనేముంది. పోతూ పోతూ తిప్పన ఒంగి, కింద పడిన వక్క పలుకు ఒకటి తీసుకున్నాడు. చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

గుమ్మం దగ్గర తొమ్మిది తలల భూతం దారికి అడ్డంగా నిలబడింది. ఒక రాజు బయటికి వెళ్ళాడని, రాజన్నవాడు లోపలికి వచ్చిందే లేదని, కాబట్టి ఈ రెండోవాడు ఇక్కడ లేడని చెప్పింది. లేనివాణ్ణి బయటికి వదలడానికి తనకు అధికారం లేదంది. ఒక దారి మాత్రం ఉంది. ఆరు రోజులుగా తలలన్నీ కూర్చుని మాట్లాడుకున్నాయి. రాజీపడ్డాయి. మాయావి ఆ ఆట ఇంకొక్కసారి ఆడాలి. ఈసారి కనిపెట్టలేకపోతే దారి ఇస్తుంది. కనిపెడితే ఇద్దరినీ తింటుంది.

పోలమ్మ చెప్పిన రెండో మాట తిప్పనకు గుర్తొచ్చింది. వక్క పలుకు చూపించి, పిడికిళ్ళు మూశాడు. ఈసారి తొమ్మిది తలలూ అతని ముఖం చూడలేదు. పద్దెనిమిది కళ్ళూ కుడి పిడికిలి మీదే ఉన్నాయి. వక్క కుడి పిడికిలిలోనే ఉంది.

అప్పుడు పోలమ్మ చెప్పిన మొదటి మాట గుర్తొచ్చింది. తిప్పన చేతుల సంగతి మరిచిపోయినవాడిలా తల తిప్పి, రాజుగారి వైపు అబ్బురంగా చూశాడు. ఒక తల అటు తిరిగింది. తరవాత మూడు తిరిగాయి. తరవాత అన్నీ తిరిగాయి. అన్ని కళ్ళు ఒక్కసారిగా మీద పడేసరికి, సభలో అలవాటు చొప్పున, పెదమల్లదేవుడి నోరు తెరుచుకుంది.

వక్క అందులో ఉందేమోనని తొమ్మిది తలలూ వంగి లోపలికి తొంగిచూశాయి. తిప్పన ఎడమచేత్తో గుమ్మం గడియ తీశాడు.